సిద్ధార్థ బసు క్విజ్‌ల జమాఖర్చు: ఎక్కినట్టా, దిగినట్టా?

తోతాపురి
పోయిన ఆదివారం చిత్తూరులో మా బంధువుల ఇంట్లో భోజనాల దగ్గర ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ ప్రస్తావన వచ్చింది. నాగార్జున బాగా నడిపారా, చిరంజీవి బాగా నడిపారా అని రాగిసంగటి చల్లారేదాకా వాదించుకున్నారు గాని, ఆ కార్యక్రమాన్ని తయారుచేసింది ఎవరని ఒక్కరూ అడగలేదు. నేను సిద్ధార్థ బసు పేరు చెబితే, ఏదో హిందీ సినిమాలో పెద్ద అధికారి వేషం వేసిన ఆయనే కదా అన్నారు.

నా బాధ వేరు. 1985లో దూరదర్శన్‌లో ‘క్విజ్ టైమ్’ నడిపిన మనిషి, 1998లో బీబీసీ వరల్డ్‌కు ‘మాస్టర్‌మైండ్ ఇండియా’ చేసిన మనిషి, 2000 జూలై 3న స్టార్ ప్లస్‌లో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ని మొదలుపెట్టారు. ఆయన సంస్థ బిగ్ సినర్జీయే 2008లో ‘దస్ కా దమ్’, 2009లో ‘సచ్ కా సామ్నా’ తీసింది. మొదట తెలివిని అడిగారు, తరవాత ఊహను అడిగారు, చివరికి మనిషి గుట్టును అడిగారు. ఇది దిగజారడం కాక మరేమిటి? కరోడ్‌పతి కూడా మొదటినుంచీ అమితాబ్ బచ్చన్ ఒక్కరే నడిపారు గనుక నిలబడింది గాని, నిర్మాత గొప్పతనం అందులో ఎంత ఉందో మీరే చెప్పండి.

రేణిగుంట_జంక్షన్
2007లో వచ్చిన మూడో విడతను నడిపింది షారుఖ్ ఖాన్. క్విజ్‌ల మీద ఫిర్యాదు రాస్తూ మొదటి ప్రశ్నకే తప్పు జవాబును లాక్ చేయించుకున్నారు.

తోతాపురి
ఒప్పుకుంటున్నాను. ఒక లైఫ్‌లైన్ ఖర్చయిందని రాసుకోండి.

అలిపిరి_మెట్లు
పాఠం చెప్పి బతికినవాణ్ణి గనుక కొంచెం పొడుగ్గానే రాస్తాను. ‘క్విజ్ టైమ్’ వచ్చే రోజుల్లో తిరుపతిలో మా వీధి మొత్తానికి రెండే టీవీలు ఉండేవి, మేము నలుగురం అధ్యాపకులం ఒక బ్యాంకు ఉద్యోగి ఇంటి వసారాలో కూర్చుని చూసేవాళ్లం. అందులో మమ్మల్ని కట్టిపడేసినది ప్రశ్నల కష్టం కాదు, ప్రశ్న అడిగే పద్ధతి. బసు గారు తెలియనివాణ్ణి చులకన చేయరు, తెలిసినవాణ్ణి నెత్తికెక్కించుకోరు, సగం సరైన జవాబు వస్తే ఏ సగం సరైనదో చెప్పి ముందుకు సాగిపోతారు. ఢిల్లీ నాటకరంగం నుంచి వచ్చినవారు కావడంతో ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో ఆయనకు తెలుసు. మరుసటి రోజే మా తరగతిలో నేను ఆయనలాగా ఆగి ఆగి ప్రశ్నలు వేస్తే, సార్‌కు గొంతు బాగాలేదేమో అని పిల్లలు అనుకున్నారు.

‘మాస్టర్‌మైండ్’ విషయానికి వస్తే, అది ఆయన సొంత సృష్టి కాదు. బ్రిటన్‌లో బిల్ రైట్ అనే ఆయన రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లకు బందీగా చిక్కినప్పుడు ఎదుర్కొన్న విచారణల జ్ఞాపకంతో తయారుచేసిన పోటీ అది, 1972లో బీబీసీలో మొదలైంది. చీకటి గదిలో ఒక నల్ల కుర్చీ, దాని మీద మాత్రమే వెలుగు. ముందు పోటీదారు తానే ఎంచుకున్న అంశం మీద ప్రశ్నలు, తరవాత అన్ని విషయాల మీదా ప్రశ్నలు, గడియారం పరుగెడుతూనే ఉంటుంది. ఆ కుర్చీని మన దేశానికి తెచ్చినప్పుడు బసు గారు దానికి పూలదండలు వేయలేదు, వెనక పాటలు పెట్టలేదు. ఆ నిగ్రహాన్ని నేను ఆయన ఖాతాలో పెద్ద జమగా రాస్తాను.

తోతాపురి గారు ఒకే మెట్ల వరుస మీద ఆయన పైనుంచి కిందికి దిగినట్టు చూస్తున్నారు. నాకు మాత్రం అవి వేరువేరు కొండలు.

లీలామహల్_సర్కిల్
మాస్టారు, కొండలు వేరైనా లడ్డూ ఒకటేనండి. అన్నీ ముందే అనుకుని ఆడించేవే కదా?

రేణిగుంట_జంక్షన్
అన్నీ ముందే అనుకుని ఆడించేవయితే వాటికి ఇంత తతంగం అక్కరలేదు. నిజంగా ముందే అనుకుని ఆడించిన కథ ఒకటి ఉంది, అమెరికాలో జరిగింది. 1956లో ఎన్‌బీసీలో మొదలైన ‘ట్వంటీ-వన్’ అనే క్విజ్‌కు నిర్మాత డాన్ ఎన్‌రైట్. హెర్బర్ట్ స్టెంపెల్ అనే పోటీదారుకు ఆయన ముందుగానే ప్రశ్నలూ జవాబులూ అందించడమే గాక, ఏ కోటు తొడుక్కోవాలో, నుదుటి చెమటను తుడుచుకోకుండా రుమాలుతో ఎలా అద్దుకోవాలో కూడా నేర్పించాడు. పోటీదారులు నిలబడే గాజు గదిలో చల్లగాలి ఆపేసేవారు, చెమట నిజంగా పట్టాలని. జనానికి స్టెంపెల్ మీద మోజు తీరిందనుకున్నాక అతన్ని ఓడిపొమ్మన్నాడు. 1955కు ఉత్తమ చిత్రంగా ఆస్కార్ పొందిన సినిమా ఏదని అడిగితే స్టెంపెల్‌కు జవాబు బాగా తెలుసు, అది అతనికి ఎంతో ఇష్టమైన సినిమా కూడా. అయినా నిర్మాత చెప్పిన తప్పు పేరే చెప్పవలసివచ్చింది. అతని స్థానంలోకి వచ్చిన చార్లెస్ వాన్ డోరెన్ అధ్యాపకుడు, 1,29,000 డాలర్లు గెలిచాడు, 1959 నవంబరులో అమెరికా కాంగ్రెస్ సంఘం ముందు అంతా ఒప్పుకున్నాడు. ఇలాంటి ఆటల్లో మోసం చేయడం నేరమని చట్టంలో చేర్చింది ఆ తరవాత, 1960లో. అంతకుముందు అలాంటి నిషేధమే లేదు.

లీలామహల్_సర్కిల్
ఆ నిర్మాత ఏమయ్యాడు?

రేణిగుంట_జంక్షన్
చాలా ఏళ్లు తెర వెనకే ఉండి, 1970లలో తన పాత భాగస్వామి జాక్ బ్యారీతో కలిసి మళ్లీ గేమ్ షోలు తీశాడు, అవి బాగానే నడిచాయి కూడా. అందుకే నిర్మాత ఖాతాను చూసేటప్పుడు ఎన్ని కార్యక్రమాలు నడిచాయన్న లెక్క నాకు అంతగా పనికిరాదు.

బెల్లం_మండి
వ్యాపారం చేసేవాడిగా నా మాట. కరోడ్‌పతి బెల్లం బసు గారి పొలంలోది కాదు. డేవిడ్ బ్రిగ్స్, స్టీవెన్ నైట్, మైక్ వైట్‌హిల్ అనే ముగ్గురు రూపకల్పన చేస్తే, పాల్ స్మిత్ నడిపిన సెలడార్ సంస్థ 1998 సెప్టెంబరు 4న బ్రిటన్‌లోని ఐటీవీలో దాన్ని మొదలుపెట్టింది. హక్కులు తరవాత టూవేట్రాఫిక్ అనే సంస్థకు, అక్కడినుంచి 2008లో సోనీకి చేరాయి. 2010లో కరోడ్‌పతి స్టార్ నుంచి సోనీకి ఎందుకు మారిందో అడిగేవాళ్లకు ఈ వరుసలోనే సగం జవాబు దొరుకుతుంది. మా చిత్తూరు మండిలో రైతు ఒకరు, మండి ఒకరు, కొనేవాడు ఇంకొకరు. దిమ్మను తట్టి చూసి, రంగు చూసి, కల్తీ లేదని పేరు పెట్టి అమ్మేవాడి మాట మీదే బేరం నడుస్తుంది. బసు గారిది ఆ పని. అదేమీ చిన్న పని కాదు.

కుప్పం_ప్యాసింజర్
ఆ పనిని దగ్గరగా చూసే అదృష్టం మా కుప్పం వాళ్లది. మా ఇంట్లో అమ్మ తమిళం చూస్తుంది, నాన్న కన్నడం చూస్తారు, మేము తెలుగు చూస్తాం. 2012లో విజయ్ టీవీలో సూర్య, సువర్ణలో పునీత్ రాజ్‌కుమార్, 2014లో మా టీవీలో నాగార్జున ఇదే ఆటను నడిపారు, మూడింటి వెనకా బిగ్ సినర్జీయే. కుర్చీ అదే, దీపాలు కిందికి దిగే తీరు అదే, జవాబు లాక్ చేశాక గుండెలో కొట్టే ఆ సంగీతమూ అదే. మార్చేందుకు వాళ్లకు మిగిలినవి రెండే రెండు: ప్రశ్నలు, మనుషులు.

అక్కడే పనితనం కనిపిస్తుంది. మొదటి ఐదు ప్రశ్నలు ఇంట్లో వంట చేసుకుంటూ వినే మనిషికి కూడా తెలిసినవై ఉండాలి, అయినా కుర్చీలో కూర్చున్నవాడికి ఒక్క క్షణం అనుమానం రావాలి. తమిళంలో సామెతలో ఒక మాట ఖాళీగా వదిలి అడిగిన ప్రశ్నను తెలుగులోకి మార్చుకుంటే చప్పగా ఉంటుంది, తెలుగు సామెతనే వెతుక్కోవాలి. ఒకరోజు మా అమ్మ తమిళంలో ఆరు ప్రశ్నలకు జవాబులు చెప్పి, అదే వారం తెలుగులో రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. ఆవిడ చదివింది తమిళ బడిలో, ఇల్లు నడిపింది తెలుగులో. ప్రశ్నలు నిజంగానే ఆ భాషలో పుట్టాయనడానికి నాకు అంతకంటే రుజువు అక్కరలేదు.

వేలూరు_రోడ్డు
తమిళంలో 2012 మొదటిసారి కాదు. 2000లోనే సన్ టీవీలో శరత్‌కుమార్ ‘కోడీశ్వరన్’ నడిపారు. అప్పుడు మా ఇంట్లో కేబుల్ ఉన్నది దానికోసమే.

కుప్పం_ప్యాసింజర్
నిజమే, మరిచాను. నేను చెప్పినది బిగ్ సినర్జీ వాటి గురించి మాత్రమే.

కాణిపాకం_సాక్షి
‘సచ్ కా సామ్నా’ను ఎవరూ ముట్టుకోవడం లేదు గనుక నేను ముట్టుకుంటాను. పోటీదారును ముందే అబద్ధాన్ని పట్టే పాలిగ్రాఫ్ యంత్రం దగ్గర కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారు, తరవాత భార్యాబిడ్డల ఎదుట, దేశం ఎదుట అవే ప్రశ్నలు మళ్లీ అడుగుతారు, యంత్రంతో జవాబు కలిస్తే డబ్బు. అమెరికాలో నడిచిన ఆటకు ఇది మన రూపం. 2009లో పార్లమెంటులో గొడవ జరిగింది, కోర్టు దాకా కూడా వెళ్లింది. మా ఊళ్లో వందల ఏళ్లుగా ఈ పద్ధతి ఉంది: అప్పు ఎగ్గొట్టినవాణ్ణి, మాట తప్పినవాణ్ణి తీసుకొచ్చి వరసిద్ధి వినాయకుడి ముందు ప్రమాణం చేయమంటారు. కోనేట్లో మునిగి తడిబట్టలతో గుడి దాకా నడిచేలోపే చాలామంది నిజం ఒప్పుకుంటారు. ఆ నిజం కావలసింది ఆ ఇద్దరికి, పక్కన నిలబడిన నలుగురు పెద్దమనుషులకు. దాన్ని రాత్రి భోజనాల వేళ ఇంటింటికీ వడ్డించినవారికి నేను క్విజ్ మాస్టర్ అన్న పేరు ఇవ్వలేను. ఈ ఒక్క పద్దు విషయంలో తోతాపురి గారి పక్షమే నాది.

అలిపిరి_మెట్లు
ఈ పద్దు విషయంలో నేనూ కాదనను. ‘దస్ కా దమ్’ మాత్రం అంత పాపం చేయలేదు. వందలో ఎంతమంది భారతీయులు ఫలానా పని చేస్తారని సర్వేలో తేలిందో ఊహించమంటుంది. అందులో చదువుకు విలువ లేదు గాని, మనుషులను గమనించే చూపుకు విలువ ఉంది. మా ఆవిడ ఆ ఆటలో నాకంటే ఎప్పుడూ ముందే ఉండేది.

తోతాపురి
మేడమ్ గారు బసు గారి పక్షాన సాక్ష్యం చెప్పినట్టుగా నమోదు చేస్తున్నాను.

పుత్తూరు_కట్టు
కార్యక్రమం పేరూ ఛానెల్ పేరూ రాయను, ఇక్కడ మాట్లాడుకుంటున్న వాటిలో ఏదీ కాదని మాత్రం చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక ప్రశ్నల పోటీకి నన్ను ఎంపిక చేశారు. ఫోన్‌లో అడిగిన పది ప్రశ్నలకు తొమ్మిది సరిగ్గా చెప్పాను. ఆ తరవాత ఒక అమ్మాయి ఫోన్ చేసి, చాలా మర్యాదగానే, ‘మీ జీవితంలో పెద్ద కష్టం ఏమిటి సార్?’ అని అడిగింది. నాకు పుత్తూరులో జిరాక్స్ దుకాణం ఉంది, అప్పు లేదు, పెద్ద కష్టమేమీ లేదని చెప్పాను. రెండు నిమిషాలు మౌనం. చిన్నప్పటి కష్టమైనా ఫర్వాలేదన్నది.

వారం తరవాత కెమెరా పట్టుకుని ముగ్గురు మా ఇంటికి వచ్చారు. పెరట్లో మేము నీళ్లు కాచుకునే కట్టెల పొయ్యి ఒకటి ఉంది. మా అమ్మను దాని ముందు కూర్చోబెట్టి, గొట్టంతో ఊదమన్నారు. మా వంటింట్లో పన్నెండేళ్లుగా గ్యాస్ ఉంది, అమ్మ ఆ పొయ్యి ముట్టించి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు. పొగ సరిగ్గా రాలేదని పచ్చి కొబ్బరి మట్ట ఒకటి తెచ్చి వేశారు. అమ్మ కళ్ల వెంట నీళ్లు కారాయి, పొగకే కారాయి. ప్రసారమైనప్పుడు ఆ నీళ్ల మీద వేణువు వినిపించింది. నేను కుర్చీలో కూర్చుని సమాధానాలు చెప్పిన భాగంలో మూడు ప్రశ్నలు కత్తిరించారు, పొయ్యి మాత్రం పూర్తిగా ఉంది. ఆ రాత్రి బెంగళూరు నుంచి మా మేనమామ ఫోన్ చేసి, అక్కను ఇలా పెట్టుకున్నావా అని నన్ను తిట్టారు. ఇప్పటికీ పెళ్లిళ్లలో ఎవరో ఒకరు నన్ను పక్కకు పిలిచి, గ్యాస్ కనెక్షన్ ఇప్పించమంటావా అని అడుగుతారు.

లీలామహల్_సర్కిల్
అన్నా, నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. నేను ఊరికే ‘ముందే అనుకున్నవి’ అన్నాను గాని, ఇది ప్రశ్నల్లో మోసం కాదు కదా, దీన్ని ఏమనాలి?

రేణిగుంట_జంక్షన్
జవాబులు ముందే ఇవ్వడం ఒకటి, మనిషిని ముందే రాసుకోవడం ఇంకొకటి. ఎన్‌రైట్ స్టెంపెల్‌కు వేయించిన వదులు కోటు కూడా ఇలాంటిదే, పేద విద్యార్థిలా కనిపించాలని. అమెరికా చట్టం పట్టుకున్నది మొదటిదాన్నే.

అలిపిరి_మెట్లు
ఇదే కొలతతో కరోడ్‌పతిని కూడా కొలవాలి. 2000లో మొదటి కోటి గెలిచిన హర్షవర్ధన్ నవాథే గురించి మనకు తెలిసింది చాలా తక్కువ, సివిల్స్‌కు చదువుతున్న కుర్రవాడని మాత్రం తెలుసు. పదిహేను ప్రశ్నలు, మూడు లైఫ్‌లైన్లు, అంతే. సోనీకి మారాక చిన్న ఊళ్ల మనుషులు, వాళ్ల ఇళ్లు, వాళ్ల దారులు ఆటలో పెద్ద భాగమయ్యాయి. 2011లో బీహారులోని మోతీహారికి చెందిన సుశీల్ కుమార్ 5 కోట్లు గెలిచినప్పుడు మా ఇంట్లో అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఆ డబ్బు తరవాత తన బతుకు ఎలా చెదిరిపోయిందో ఆయనే 2020లో బాహాటంగా రాసుకున్నారు. దానికి నిర్మాతను తప్పుపట్టలేం. అయితే కథను ఎత్తి చూపించిన కొద్దీ, ఆట అయిపోయాక ఆ మనిషి ఒంటరిగా మోయవలసిన బరువు కూడా పెరుగుతుందని నాకు అనిపిస్తుంది. ఇదే ఆయన ఖాతాలో నేను తేల్చలేకపోతున్న పద్దు. చిన్న ఊరివాణ్ణి కుర్చీ దాకా తెచ్చింది ఆ మార్పే. పుత్తూరు అన్న అమ్మగారిని ఎవరో పొయ్యి ముందు కూర్చోబెట్టడానికి దారి వేసిందీ ఆ మార్పే.

బెల్లం_మండి
మాస్టారు, చిన్న ఊరివాణ్ణి తెచ్చింది మార్కెట్. ఇంగ్లీషు క్విజ్ చూసేవాళ్లు వేలల్లో ఉంటారు, కథ చూసేవాళ్లు కోట్లల్లో ఉంటారు. నిర్మాత బియ్యం కొనుక్కోవద్దా?

అలిపిరి_మెట్లు
కొనుక్కోవాలి. కాని 2000లోనే జీ టీవీ ‘సవాల్ దస్ క్రోర్ కా’ అని పది కోట్లు చూపించి, అనుపమ్ ఖేర్‌ను, మనీషా కొయిరాలాను నిలబెట్టినా జనం చూడలేదు. డబ్బూ తారలూ ఉన్నంత మాత్రాన బియ్యం రావని ఆ సంవత్సరమే తేలిపోయింది.

పలమనేరు_ఘాట్
కోట్ల మాట వచ్చింది గనుక పన్నుల పని చేసేవాడిగా ఒక వివరం. ఇలాంటి ఆటల్లో గెలిచిన డబ్బు మీద ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నేరుగా 30 శాతం పన్ను. మామూలు ఆదాయానికి ఉండే కనీస మినహాయింపు గాని, పొదుపు మినహాయింపులు గాని దీనికి వర్తించవు. 3,20,000 గెలిచారనుకోండి, ఇచ్చేవాళ్లే 96,000 పట్టుకుని ఇస్తారు, రిటర్న్ వేసేటప్పుడు సెస్ కింద ఇంకో 3,840 కట్టాలి. చేతికి మిగిలేది 2,20,160. మొత్తం 50 లక్షలు దాటితే సర్‌చార్జి అదనం. తెరమీద చెక్కు ఎత్తి చూపినప్పుడు ఈ మాట చెప్పే నిర్మాతను నేను ఇంతవరకూ చూడలేదు. బసు గారి ఖాతాలో దీన్ని కూడా ఖర్చు వైపే రాయండి.

వేలూరు_రోడ్డు
మా పక్కింటి ముసలావిడకు వాట్సాప్‌లో 25 లక్షల కేబీసీ లాటరీ తగిలింది. దానికీ పన్ను ముందే కట్టమన్నారు.

పలమనేరు_ఘాట్
అది దొంగల పని. గెలిచినవాడి దగ్గర పన్ను ముందుగా వసూలు చేయరు, ఇచ్చేవాడే మినహాయించి ఇస్తాడు. ఆవిడను ఏమీ కట్టవద్దనండి.

తోతాపురి
నేను మొదలుపెట్టిన వాదన ఇప్పుడు నా చేతిలో లేదు. దిగజారడం అన్న మాటను ‘సచ్ కా సామ్నా’ వరకే పరిమితం చేసుకుంటున్నాను. ఇంత ఒప్పుకున్నాక నా తప్పు ఒకటి చెప్పకపోతే న్యాయం కాదు.

నేను మా మండలంలో పాఠశాలల క్విజ్‌లకు ప్రశ్నలు రాస్తుంటాను. 2022లో ఏడో తరగతి పిల్లలకు ‘తిరుమల ఏ జిల్లాలో ఉంది?’ అని అడిగాను. నా కాగితంలో జవాబు చిత్తూరు అని ఉంది, ఎన్నో ఏళ్లుగా అదే కాగితం. ఒక పిల్లవాడు తిరుపతి జిల్లా అన్నాడు. సున్నా వేశాను. వాడు కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు. ‘జిల్లా మారింది సార్’ అని మెల్లగా అన్నాడు. నేను తరవాత ప్రశ్నకు వెళ్లిపోయాను. ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చిన సంగతి నాకు తెలియక కాదు, పత్రికలో చదివాను కూడా. కాగితం మార్చలేదు, అంతే. వాళ్ల జట్టు ఒక్క మార్కుతో ఓడింది.

అలిపిరి_మెట్లు
తరవాతైనా సరిచేశారా?

తోతాపురి
బహుమతులు ఇచ్చేశాక ఇంకో ఉపాధ్యాయుడు చెప్పారు. అప్పటికి వాళ్ల బడి ఆటో వెళ్లిపోయింది.

రేణిగుంట_జంక్షన్
మళ్లీ పోటీ ఎప్పుడు?

తోతాపురి
వచ్చే నెల రెండో శనివారం. ఎనభై ప్రశ్నలు రాశాను. ఈసారి ప్రతి ప్రశ్న పక్కనా ఎక్కడ చూశానో, ఏ తేదీన చూశానో రాస్తున్నాను.

రేణిగుంట_జంక్షన్
జవాబుల కాగితం నాకు పంపండి, తప్పులు వెతకడం నాకు అలవాటే. బచ్చన్ గురించి ప్రశ్న ఉంటే ముందు దాన్ని చూస్తాను.

పుత్తూరు_కట్టు
కాగితాల జిరాక్స్ నా దుకాణంలో ఉచితం. పొయ్యి ఫొటో మాత్రం అడగవద్దు.